ఫోన్‌లో ‘రిజెక్టెడ్’ అని వచ్చింది... కారణం ఎవరిని అడగాలి?

ఇవాళ మాట్లాడబోయే మాట మీలో చాలామంది ఫోన్‌లో చూసే ఉంటారు. ‘రిజెక్టెడ్’. రేషన్ కార్డుకు పెట్టారు, రిజెక్టెడ్. ఇంటికి పెట్టారు, నాట్ ఎలిజిబుల్. ఎందుకో రాసి ఉండదు. ఉన్నా ఇంగ్లీషులో రెండు ముక్కలుంటాయి. అమ్మకో నాయనకో ఆ స్క్రీన్ చూపించి, "రాలేదంట" అని చెప్పి ఫోన్ జేబులో పెట్టేసుకుంటాం. సరిగ్గా అక్కడ మనం ఆపకూడదు అని చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ముందు నా సంగతి చెప్తాను. మాది వనపర్తి జిల్లా, పెబ్బేరు దగ్గర పల్లె. అమ్మమ్మగారి ఊరు గద్వాల జిల్లాలో అయిజ పక్కన. మా మేనత్తను ఇచ్చింది నాగర్‌కర్నూల్ జిల్లాలో, అచ్చంపేట అవతల. అంటే పండగొస్తే నేను మూడు జిల్లాలు తిరగాలి. పది మంది ఫోన్లలో పది అర్జీల స్టేటస్ చూడాలి. మా చుట్టాల్లో నేనే నడిచే మీసేవ సెంటర్ అన్నమాట. మీ ఇంట్లో మీరూ అంతే కదా!

ఈ మూడూ 2016 అక్టోబర్ 11 దాకా ఒకటే జిల్లా, ఉమ్మడి మహబూబ్‌నగర్. మన పాలమూరు. ఆ సంవత్సరం దసరా రోజు జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు అమ్రాబాద్ మనిషికి కలెక్టరేట్‌లో పనుంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. తెల్లారక ముందే బస్సు ఎక్కాలి. సార్ లేడంటే మళ్ళీ రావాలి. కూలీనాలీ చేసుకునే మనిషికి ఆ రోజు కూలి పోయె, బస్సు ఛార్జీ పోయె, పని మాత్రం కాకపాయె. అందుకే మీసేవను తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నేను ఒప్పుకోను.

హైదరాబాద్‌లో 1999 చివర్లో ట్విన్స్ అనే చిన్న ప్రయోగం మొదలైంది. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు ఒకే కౌంటర్లో కట్టడం. 2001లో అదే ఈ-సేవ అయ్యింది. 2011 నవంబర్‌లో మీసేవ వచ్చింది. ఈ-సేవకూ మీసేవకూ పేరులో ఒక్క అక్షరమే తేడా గానీ పనిలో తేడా పెద్దది. ఈ-సేవ ఎక్కువగా డబ్బు కట్టించుకునేది. మీసేవ కాగితం ఇచ్చేది. కులం, ఆదాయం, పుట్టిన తేదీ సర్టిఫికెట్ల మీద తహసీల్దార్ పెన్నుతో కాకుండా డిజిటల్ సంతకం చేస్తాడు. ఐటీ చట్టం 2000 ప్రకారం ఆ సంతకం చెల్లుతుంది. గెజిటెడ్ ఆఫీసర్ ఇంటి ముందు నిలబడి ఆకుపచ్చ ఇంకు కోసం ఎదురుచూసిన తరానికి ఇది ఎంత పెద్ద సంగతో మనకు అంత సులువుగా అర్థం కాదు.

గద్వాల దగ్గర కృష్ణ మధ్యలో గుర్రంగడ్డ అని ఒక ఊరుంది. చుట్టూ నీళ్ళు. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి పడవ మీదే ఒడ్డుకు వచ్చిపోయారు. వరదొస్తే పడవ కూడా కష్టం. అలాంటి ఊళ్ళో ఒక సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు ఏరు దాటడానికీ, ఫోన్‌లో స్టేటస్ చూసుకుని ఒక్కసారి దాటడానికీ తేడా ఉందా లేదా చెప్పండి. 2025 నవంబర్‌లో మీసేవ వాట్సాప్‌లోకి కూడా వచ్చింది. తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు, అక్కడ ‘మన మిత్ర’ పేరుతో అదే సంవత్సరం జనవరిలోనే వాట్సాప్ సేవలు మొదలుపెట్టారు. అలంపూర్ వైపు కుర్రాళ్ళకు అటూ ఇటూ చుట్టాలుంటారు కాబట్టి రెండు నంబర్లూ ఫోన్‌లో ఉంటాయి.

సరే, మెచ్చుకోవడం అయ్యింది. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అర్జీ పెట్టే కిటికీ మన చేతిలోకి వచ్చింది, బాగుంది. కానీ ఆ కిటికీ వెనక నిర్ణయం ఎవరు చేస్తున్నారు? మనిషా? కంప్యూటరా? ఏం చూసి చేస్తున్నారు? ఇది మాత్రం మన చేతికి రాలేదు.

మా మేనత్త కథ చెప్తాను. 2016. నేను అప్పుడు ఇంటర్. అత్త ఎప్పటిలాగే నెల మొదట్లో సంచి పట్టుకుని రేషన్ షాపుకు పోయింది. డీలర్ లిస్టు చూసి, "అమ్మా, నీ కార్డు కొట్టేసిండ్రు" అన్నాడు. "ఎవరు కొట్టేసిండ్రు?" "పై నుంచి." "ఎందుకు?" "నాకేం తెలుసమ్మా, లిస్టుల లేదు." అంతే. ఒక నోటీసు రాలేదు, ఇంటికి ఎవరూ వచ్చి చూడలేదు. అత్త, మామ, ఇద్దరు పిల్లలు. ఉన్నది మూడెకరాల చెలక. అది కూడా వాన మీద ఆధారం.

మామ ఒక ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఏ ఆఫీసో పేరు చెప్పను. అక్కడ ప్రతిసారీ చెప్పింది ఒకటే మాట: "సిస్టంలో చూపిస్తలేదు." మామకు సిస్టం అంటే ఎవరో పెద్ద సారు అనుకున్నాడట మొదట్లో. నవ్వకండి. ఆలోచిస్తే ఆయన అనుకున్నది తప్పేం కాదు.

అత్త ఒక్కదానికే ఇలా జరిగిందనుకున్నాం. కాదని తర్వాత తెలిసింది. తెలంగాణ వచ్చాక కొన్నేళ్ళలోనే రాష్ట్రం మొత్తం మీద 19 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. దొంగ కార్డులు, డబుల్ కార్డులు అందులో ఉన్నాయి, అవి పోవలసిందే. కానీ అన్నీ అవేనా?

ఇక్కడ ‘సమగ్ర వేదిక’ అనే పేరు మీరు తెలుసుకోవాలి. ఇది ప్రభుత్వం వాడే ఒక సాఫ్ట్‌వేర్ వ్యవస్థ. వేర్వేరు శాఖల దగ్గర మన గురించి వేర్వేరు రికార్డులుంటాయి కదా. రవాణా శాఖ దగ్గర బండ్లు, రెవెన్యూ దగ్గర భూమి, కరెంటోళ్ళ దగ్గర మీటర్లు, ఇలా. వీటన్నిటినీ కలిపి, ఈ కార్డులో ఉన్న మనిషీ ఆ కారు యజమానీ ఒక్కరేనా అని కంప్యూటర్ పోల్చి చూస్తుంది. పాత రికార్డుల్లో అన్నిట్లో ఆధార్ నంబర్ ఉండదు. మరి ఎలా పోలుస్తుంది? పేరు, తండ్రి పేరు, అడ్రస్ దగ్గరగా ఉన్నాయా అని చూసి అంచనా వేస్తుంది. మళ్ళీ చెప్తున్నా, అంచనా.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి ఆలోచించండి. మల్దకల్ తిమ్మప్ప స్వామి పేరు పెట్టుకున్న తిమ్మప్పలు గద్వాల వైపు ఎంతమంది? జమ్ములమ్మ పేరు పెట్టుకున్నవాళ్ళు? అలంపూర్ వైపు జోగులమ్మలు? అయిజ బస్టాండ్‌లో నిలబడి "ఓ తిమ్మప్పా" అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. మా అమ్మమ్మ ఊళ్ళో ఒకే ఇంటి పేరు, ఒకే పేరు, తండ్రి పేరు కూడా ఒకటే ఉన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఊరోళ్ళు ఒకాయన్ను పొడుగు తిమ్మప్ప అనీ, ఇంకొకాయన్ను బావికాడ తిమ్మప్ప అనీ పిలుస్తారు. కంప్యూటర్‌కు పొడుగు తెలియదు, బావి తెలియదు. పైగా ఇంగ్లీషులో ఎక్కించేటప్పుడు ఒక ఆపరేటర్ ‘హెచ్’ పెడతాడు, ఇంకొకడు పెట్టడు, మూడోవాడు ఒక ‘పి’ తగ్గిస్తాడు. ఒకే మనిషి ముగ్గురవుతాడు, ముగ్గురు మనుషులు ఒకరవుతారు.

హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఈ రద్దుల మీద కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఏమందంటే, కంప్యూటర్ లెక్క చూసి కొట్టేసిన కార్డులన్నిటినీ మనుషులు పోయి మళ్ళీ పరిశీలించండి అని. అప్పుడు 4,91,899 మంది మా కార్డు మాకివ్వండని అర్జీ పెట్టుకున్నారు. ఆ జూలై నాటికి 2,05,734 అర్జీలు చూశారు. అందులో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. శాతంలో చెప్తే ఏడున్నర. "ఏడున్నరే కదా, మిగతావన్నీ కరెక్టే కదా" అని మా ఫ్రెండ్ ఒకడు అన్నాడు. వాడికి నేను చెప్పింది ఇదే. నూటికి ఏడు ఇళ్ళ బియ్యం తప్పుగా ఆపితే, ఆ ఏడిళ్ళవాళ్ళు నెలనెలా డబ్బు పెట్టి కొనుక్కోవాలి. వాళ్ళకు అది ఏడు శాతం తప్పు కాదు, నూటికి నూరు.

మా అత్తది ఆ 15 వేలలో లేదు. 2022లో మళ్ళీ అర్జీ పెట్టినా రాలేదు. కానీ ఆసారి ఒక మంచి పని జరిగింది. నేను కూడా వెంట పోయాను. అక్కడ ఒక కుర్ర ఉద్యోగి, బహుశా నా వయసే ఉంటుంది, అత్త మొహం చూసి ఏమనుకున్నాడో ఏమో, మానిటర్ మావైపు తిప్పాడు. "చూడన్నా, ఇగో ఇక్కడ" అన్నాడు. మామ పేరు మీద తొమ్మిది ఎకరాలు చూపిస్తోంది. పల్లెల్లో రేషన్ కార్డుకు పరిమితి మాగాణి అయితే మూడున్నర ఎకరాలు, మెట్ట అయితే ఏడున్నర. తొమ్మిది అంటే దాటిపోయినట్టే.

తొమ్మిది ఎకరాలు ఎక్కడివి? మామ వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. తాత చనిపోయాక పెద్దకొడుకు కాబట్టి పట్టా మామ పేరు మీదికి వచ్చింది. ముగ్గురూ గెట్టు పెట్టుకుని మూడేసి ఎకరాలు దున్నుకుంటున్నారు. ఊరందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం ఎవరూ పంచుకోలేదు. మన పల్లెల్లో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. అంటే ఇక్కడ రికార్డు అబద్ధం చెప్పలేదు, కంప్యూటర్ కూడా తప్పుగా చదవలేదు. భూమి పుస్తకంలో ఉన్న ఒక పాత సంగతి బియ్యం పుస్తకంలోకి నడిచొచ్చింది. ఆ రెండు పుస్తకాలను కలిపిన సంగతి మామకు ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ళు! ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆరేళ్ళ కింద పంచుకునేవాళ్ళు కదా?

కార్డు పోతే బియ్యం ఒక్కటే పోదు. ఆరోగ్యశ్రీకి అదే ఆధారం. తర్వాత వచ్చిన 500 రూపాయల గ్యాస్, 200 యూనిట్ల కరెంటుకూ అదే అడిగారు. ఒక చోట పడిన గీత అన్ని చోట్లా కనిపిస్తుంది. మా అత్త లెక్క చెప్తాను. నలుగురు మనుషులు, మనిషికి ఆరు కిలోలు, నెలకు 24 కిలోలు. తొమ్మిదేళ్ళకు 2,592 కిలోలు. దాదాపు 26 క్వింటాళ్ళ బియ్యం.

భూమి సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. ధరణి పోర్టల్ 2020 అక్టోబర్ 29న మొదలైంది. తహసీల్దారే జాయింట్ సబ్ రిజిస్ట్రార్ అయ్యాడు. స్లాట్ బుక్ చేసుకుని పోతే వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే రోజు అయిపోయేవి. రికార్డు క్లీన్‌గా ఉన్నవాళ్ళకు నిజంగానే హాయి. రికార్డులో తప్పున్నవాళ్ళకే నరకం. ఎందుకంటే అదే చట్టంతో కింది స్థాయి రెవెన్యూ కోర్టులు పోయాయి. పేరు తప్పు పడిందనో, విస్తీర్ణం తగ్గిందనో చెప్పుకుందామంటే సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. మీ సమస్యకు పోర్టల్‌లో ఆప్షన్ ఉంటే మీకు సమస్య ఉన్నట్టు. ఆప్షన్ లేకపోతే సమస్యే లేనట్టు! 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. మన పక్క జిల్లా నారాయణపేటలోని మద్దూరు దాని పైలట్ మండలాల్లో ఒకటి. ఇందులో నాకు నచ్చింది కొత్త వెబ్‌సైట్ రంగు కాదు. అప్పీలు దారి మళ్ళీ పెట్టడం. తహసీల్దార్ ఆర్డర్ నచ్చకపోతే ఆర్డీఓ, ఆ తర్వాత కలెక్టర్, ఆపైన ల్యాండ్ ట్రిబ్యునల్. 2025 జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెడితే అర్జీలు లక్షల్లో వచ్చాయి. అన్నేళ్ళూ అవన్నీ ఎక్కడున్నాయి? పోర్టల్ బయట.

ఇదంతా మన పేదరికం వల్ల, మన ఆఫీసుల వల్ల అనుకోకండి. నెదర్లాండ్స్ అంటే ఎంత ధనిక దేశం! అక్కడ పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది తల్లిదండ్రులను మోసగాళ్ళని తప్పుగా ముద్ర వేశారు. ఎవరిని అనుమానించాలో ఎంచడంలో కంప్యూటర్ లెక్కలకూ పాత్ర ఉంది. గొడవ పెద్దదై 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో ‘రోబోడెట్’ అని ఇంకొకటి. లేని బాకీలు కంప్యూటర్ లెక్కగట్టి పేదలకు నోటీసులు పంపింది. 2023లో రాయల్ కమిషన్ ఆ పథకాన్ని గట్టిగా తప్పుబట్టింది. కాకపోతే వాళ్ళకు కనీసం నోటీసు వచ్చింది. మా మామకు అదీ లేదు.

సరే, మనం ఏం చేయొచ్చు? నేను లాయర్ని కాదు, చుట్టాల పనుల్లో తిరిగి తిరిగి నేర్చుకున్నదే చెప్తున్నా.

ఏ అర్జీ పెట్టినా నంబర్ లేకుండా కౌంటర్ వదలొద్దు. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన అర్జీలు తీసుకున్నారు, గుర్తుందా? రాష్ట్రంలో 1.25 కోట్లకు పైగా వచ్చాయి. అన్నీ కాగితం మీద. తర్వాత ఆపరేటర్లు కూర్చుని కంప్యూటర్‌లో కొట్టారు. అప్పుడిచ్చిన చిన్న చిట్టీని ఎంతమంది దాచుకున్నారు? మా ఊళ్ళో సగం మంది దగ్గర లేదు. ఆ చిట్టీ లేకపోతే నీ అర్జీలో ఏం కొట్టారో నువ్వు చూసుకోలేవు. ఫోటో తీసి, ఆ ఫోటో ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. ఫోన్ పగిలితే ఫోటో కూడా పోతుంది కదా.

రిజెక్ట్ అయితే కారణం రాతపూర్వకంగా అడగండి. నోటితో కాదు. నోటితో అడిగితే "సిస్టం" అంటారు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇచ్చే అర్జీకి కూడా నంబర్ తీసుకోండి. అర్జీలో కథ మొత్తం రాయొద్దు. "ఫలానా నంబర్ దరఖాస్తు ఏ రికార్డు ఆధారంగా తిరస్కరించారో, ఆ రికార్డు నకలు ఇవ్వగలరు" అని రెండు లైన్లు చాలు. అయినా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. మజా ఏంటంటే, ఆ దిగువన ఉన్నామని చూపించడానికే కార్డు కావాలి, మన కార్డేమో పోయింది! పర్వాలేదు, ఫీజు పదిలోపే, కట్టేయండి.

ఇంకొకటి, ఏడాదికి ఒక్కసారైనా భూభారతి సైట్‌లో మీ సర్వే నంబర్ కొట్టి చూడండి. అమ్మే పని లేకపోయినా, కొనే పని లేకపోయినా. మా మామ లాగా తొమ్మిది ఎకరాలు మీ నాయన పేరు మీద కూర్చుని ఉన్నాయేమో, ఏ పథకం దగ్గర అడ్డుపడుతుందో ముందే తెలుస్తుంది.

ఓటీపీ గురించి చెప్పకపోతే పాలమూరు ఎపిసోడ్ కాదు ఇది. మనోళ్ళు పనికి ముంబై పోతారు, పుణె పోతారు, హైదరాబాద్ అయితే సరే సరి. అమ్మ ఆధార్‌కు కొడుకు నంబర్ లింకై ఉంటుంది. ఆమె ఇక్కడ కౌంటర్ ముందు నిలబడితే ఓటీపీ పుణెలో మోగుతుంది. వాడు పదో అంతస్తు మీద సెంట్రింగ్ కడుతుంటాడు, ఫోన్ ఎత్తడు. ఇంకా ఘోరం, ఎప్పుడో రీచార్జ్ చేయక పోయిన సిమ్ నంబర్ ఆధార్‌లో ఉండిపోవడం. ఆ నంబర్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో! ఈ ఆదివారం కూర్చుని ఇంట్లో అందరి ఆధార్‌కు ఏ నంబర్ ఉందో చూడండి. వలస పోయినవాళ్ళకు మంచి మాట కూడా ఒకటుంది. 2019 ఆగస్టు 9 నుంచి తెలంగాణ, ఏపీ మధ్య కార్డు పోర్టబిలిటీ ప్రయోగం మొదలైంది. తర్వాత దేశమంతా వచ్చింది. పాలమూరు కార్డుతో పుణెలో బియ్యం తీసుకోవచ్చు. వేలిముద్ర పడితే. పత్తి తీసిన చేతులకు, ఇటుక మోసిన చేతులకు ముద్ర అరిగిపోయి పడదు, అది వేరే బాధ. నల్లమల లోపల చెంచు పెంటల్లో అయితే ముద్ర సంగతి తర్వాత, సిగ్నల్ దొరకడమే కష్టం. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి 1 నుంచి కూలీల ఫోటో రోజుకు రెండుసార్లు యాప్‌లో ఎక్కించాలన్నారు. సిగ్నల్ లేని గుట్ట మీద పని చేసినవాళ్ళు ఆ రోజు పని చేసినట్టా, చేయనట్టా?

ఇప్పటిదాకా ప్రభుత్వం మనల్ని చూసే టెక్నాలజీ గురించి చెప్పాను. మనం ప్రభుత్వాన్ని చూసేది కూడా ఉంది, అదే ఎవరూ తెరవరు. ‘మేరీ పంచాయత్’ యాప్, ‘ఈ-గ్రామ్‌స్వరాజ్’ సైట్. మీ జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఏ సంవత్సరం ఎన్ని నిధులొచ్చాయి, ఏ పనికి ఎంత చెల్లించారు అన్నీ ఉంటాయి. 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్ళు మన ఊళ్ళకు సర్పంచ్‌లు లేరు, స్పెషల్ ఆఫీసర్లే నడిపారు. 2025 డిసెంబర్‌లో ఎన్నికలై కొత్త సర్పంచ్‌లు వచ్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఆ సభకు పోయేటప్పుడు ఫోన్‌లో ఆ పేజీ తెరిచి పట్టుకుని పోండి. మా ఊళ్ళో నేను పోయినసారి అలా పోయి మోరీ పని బిల్లు గురించి అడిగాను. గొడవేం కాలేదు. "నీకెట్ల తెలిసింది?" అన్నారు, చూపించాను. తర్వాత చుట్టూ ఉన్న నలుగురూ "మాకూ చూపియ్యి" అన్నారు.

ఇట్లా కింద నుంచి అడిగితే పని జరుగుతుందా అంటే, మన రాష్ట్రంలోనే ఒక పరిశోధన ఉంది. 2018లో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు, లాటరీ పద్ధతిలో ఎంచిన కొన్ని మండలాల వ్యవసాయ అధికారులకు ముందే చెప్పారు: మీ రైతులకు మేం ఫోన్ చేసి, చెక్కు అందిందా, ఎప్పుడు అందింది అని అడుగుతాం అని. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన బృందం లెక్క చూస్తే ఆ మండలాల్లో చెక్కు అందినవాళ్ళు పెరిగారు. పెద్ద యాప్ లేదు, ముఖం గుర్తుపట్టే కెమెరా లేదు. మామూలు ఫోన్ కాల్, ఒక ప్రశ్న. నాకు ఈ మొత్తం విషయంలో బాగా నచ్చిన టెక్నాలజీ ఇదే.

మీకు ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. ఊళ్ళో పది మందికి అర్జీలు పెట్టిపెడతాం కదా, వాళ్ళ ఆధార్ ఫోటోలు, పాస్‌బుక్ ఫోటోలు మన గ్యాలరీలోనే పడి ఉంటాయి. పని అయ్యాక డిలీట్ చేయండి. ‘రైతు భరోసా’ అనో ‘పీఎం కిసాన్’ అనో పేరు పెట్టి వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తే నొక్కొద్దు. ఏ ప్రభుత్వ పథకమూ ఏపీకే పంపదు. మీ ఫోన్‌లో వైరస్ పడితే మీ డబ్బే కాదు, మిమ్మల్ని నమ్మి ఆధార్ ఇచ్చిన ముసలామె పెన్షన్ కూడా పోతుంది.

అత్త సంగతి ఏమైందని అడుగుతారు కదా. 2023లో ముగ్గురు అన్నదమ్ములూ కలిసి పోయి భాగాలు రిజిస్టర్ చేయించుకున్నారు. ముగ్గురికీ మూడు పాస్‌బుక్‌లు వచ్చాయి. 2025లో రాష్ట్రంలో కొత్త రేషన్ కార్డులు ఇచ్చినప్పుడు అత్తకు వచ్చింది. అప్పటికి సన్నబియ్యం ఇస్తున్నారు. మొదటి నెల బియ్యం తెచ్చిన రోజు నాకు వీడియో కాల్ చేసింది. "బిడ్డా, మంచిగున్నయి బియ్యం" అని చేట తిప్పి చూపించింది. తొమ్మిదేళ్ళ గురించి ఒక్క మాట అనలేదు.

ఇంకో పని మిగిలింది. పెద్ద కొడుకు పెళ్ళయింది, కోడలి పేరు కార్డులో చేర్చాలి. ఆమె పేరు పుట్టింటి కార్డులో ఇంకా ఉంది, అక్కడ తీయించి ఇక్కడ ఎక్కించాలి. పోయిన వారమే పెట్టాం. నంబర్ తీసుకున్నా, ఫోటో తీసి అత్తకూ పంపా. స్టేటస్‌లో ప్రస్తుతానికి ‘పెండింగ్’ అని ఉంది. ఈ సోమవారం పోయి వస్తా. ఉంటాను మరి.